యాంగిల్ చివర ముప్పై అయిదు మిల్లీమీటర్లు

ఓడల డిజైను ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది, మీరు పని చేసిన వాటిలో అన్నిటికంటే పెద్ద ఓడ ఏది అని. పెద్ద ఓడల గురించి నా దగ్గర చెప్పడానికి అంతగా ఏమీ లేదు. అవి వందలమంది కలిసి చేసినవి. వాటిలో నా వంతు ఎక్కడుందో నాకే సరిగ్గా గుర్తుండదు. నేను మర్చిపోలేనిది ఒక పంటు. గోదావరి పాయకి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి లారీలనీ, ఆటోలనీ, మనుషుల్నీ దాటించే పంటు. చూడడానికి నీళ్ళ మీద పెట్టిన ఇనుప అరుగులా ఉంటుంది. ఓడలు కట్టేవాళ్ళు దాన్ని ఓడ అని కూడా అనరు. దాని విషయంలో నేను ఒక తప్పు చేశాను. ఆ తప్పు బయటపడిన రోజున దానికంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. రెండూ చెబుతాను.

మాది రాజోలు వైపు. నాన్నగారు మిషన్ బడిలో లెక్కల మాస్టారు. డిప్లమా అయ్యాక నేను సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పెద్ద యార్డులో ట్రేసర్‌గా చేరాను. ఇంజనీర్లు పెన్సిలుతో గీసినదాన్ని ఇంకుతో తిరగ గీయడం నా పని. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. మా హాల్లో చాలామంది మా వల్ల కాదని పక్కకి తప్పుకున్నారు. నేను తప్పుకోలేదు. ఓడ బొమ్మని కంప్యూటర్లో నిలబెట్టి, దాంట్లోంచి ఒక్కొక్క ముక్కకీ కోత కాయితాలు తీసే ఆ సాఫ్ట్‌వేర్‌ని ముప్పయ్యేళ్ళు వాడాను. రిటైరయ్యే నాటికి అందులో నాకు తెలియని మూల లేదనుకునేదాన్ని. ఇప్పటికీ అలాగే అనుకుంటాను. అయితే తెలిసిన మూలలోనే కాలు జారుతుందని కూడా ఇప్పుడు తెలుసు.

రిటైరై అమలాపురం వచ్చి ఇల్లు సర్దుకుంటూ ఉండగా, పాత యార్డులో నా కింద పని నేర్చుకున్న ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. అమలాపురంలోనే మందుల షాపు పైన రెండో అంతస్తులో ఎనిమిది కంప్యూటర్లతో సొంతంగా డిజైను ఆఫీసు పెట్టుకున్నాడు. బయటి యార్డులకి పని చేసిపెడతాడు.

"అక్కగారండీ, మీరొచ్చి కూర్చుంటే చాలండి. పని పిల్లలు చేస్తారండి. మీరు చూసేరంటే నేను ధైర్యంగా పంపించుకుంటానండి," అన్నాడు.

అంత మర్యాదగా పిలిస్తే వెళ్ళకుండా ఉండలేకపోయాను. నిజం చెప్పాలంటే, ఇల్లు సర్దడం అప్పటికే విసుగు పుట్టించింది.

ఇక్కడ పని గురించి కాస్త చెప్పాలి, కొంచెమే. ఓడ అంటే బయటికి కనిపించే రేకు ఒక్కటే కాదు. ఆ రేకు వంగిపోకుండా దాని వెనక వరసగా ఇనుప యాంగిల్స్ అతికిస్తారు, పెంకుటింటి కింద వాసాల్లాగ. ప్రతి యాంగిల్‌కీ రెండు చివరలుంటాయి. ప్రతి చివరా ఏదో ఒక గోడ దగ్గర ఆగుతుంది. అది ఎలా ఆగాలన్నదే మేం ఎండ్ కట్ అనేది. గోడకి పూర్తిగా ఆని వెల్డింగు అవ్వాలా, లేక కాస్త ముందే ఆగి కలం ములికిలా ఏటవాలుగా సన్నబడాలా అన్నది ఆ చోటుని బట్టి ఉంటుంది. బరువు మోసే చోట ఆనాలి. మొయ్యని చోట ముందే ఆగినా ఫరవాలేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఈ కోతలన్నిటికీ నంబర్లుంటాయి. నంబరు ఇచ్చాక కోణం ఎంత, గోడకి ఎంత దూరంలో ఆగాలి అని గళ్ళు నింపాలి. ఏదైనా గడి ఖాళీగా వదిలేస్తే, అందరికీ కలిపి ముందే పెట్టి ఉంచిన అంకె దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఆ ఉమ్మడి అంకెలు మార్చే అధికారం మా ఆఫీసులో నా ఒక్కదానికే ఉండేది. దూరం గడికి నేను సున్నా పెట్టి ఉంచాను. సున్నా అంటే గోడకి ఆనుతుందని. పిల్లలకి కూడా అదే చెప్పాను, బరువంతా మోసే పై రేకు, అదే డెక్కు, దాని కింది యాంగిల్స్‌కి ఆ గడి ముట్టుకోవద్దు, చేత్తో కొడితే ఎప్పుడో తప్పు కొడతారు, ఖాళీగా వదిలెయ్యండి అని.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి ముమ్మిడివరం నుంచి బస్సులో వచ్చేది. డిప్లమా చదివి, పెళ్ళయి, పాప పుట్టాక మళ్ళీ పనిలోకి వచ్చింది. భర్త రొయ్యల చెరువుల దగ్గర పని చూసుకునేవాడు. ఆరు నెలలు పని చూసి తర్వాత ఖాయం చేస్తామని ఆఫీసు పెట్టిన మా వాడు ఆమెని తీసుకున్నాడు. చేయి చురుకైనది, కానీ ప్రశ్నలు ఎక్కువ. గడి ఖాళీగా వదలమన్న రోజున కూడా అడిగింది.

"మేడంగారూ, ఖాళీగా వదిలితే సున్నాయే వస్తుందని మనకెలా తెలుస్తుందండి?"

"నేను పెట్టాను కాబట్టి," అన్నాను.

ఆమె "ఆయ్" అని తన సీట్లోకి వెళ్ళిపోయింది. ఆ జవాబు ఎంత బాగుందో అని ఆ పూట నాకు నేనే మురిసిపోయాను.

గౌతమి పాయ ఒడ్డున, ముమ్మిడివరం దాటి ఇంకా లోపలికి వెళ్తే, ఒక చిన్న యార్డు ఉంది. పంటు కట్టేది వాళ్ళు, డిజైను మాది. దాని రెండు కొసల్లోనూ చిన్న ట్యాంకులున్నాయి. ఆ ట్యాంకు గోడల మీది యాంగిల్స్ బరువు మొయ్యవు. అన్నీ గోడకి ముప్పై అయిదు మిల్లీమీటర్ల ముందే ఆగి సన్నబడే రకం. అవి చాలా ఉన్నాయి. ఒక్కొక్క దానికీ ముప్పై అయిదు కొట్టడం ఎందుకని నేను ఒక రోజు ఉమ్మడి అంకెనే సున్నా నుంచి ముప్పై అయిదుకి మార్చాను. ఆ ట్యాంకులు పూర్తి చేసి మళ్ళీ సున్నా పెట్టేద్దామని. ట్యాంకులు పూర్తయ్యేసరికి మా ఆఫీసులో ఒకబ్బాయి, పెళ్ళి సంబంధం కుదిరిందని, ఆత్రేయపురం పూతరేకులు తెచ్చాడు. లేచి వెళ్ళి తిన్నాను. పూతరేకు సంగతి మీకు తెలిసిందే, చీర నిండా పొరలు రాలాయి. చీర దులుపుకుని, చేతులు కడుక్కుని, పెళ్ళికూతురు ఎవరో ఏ ఊరో అడిగి తెలుసుకుని, వచ్చి వేరే పనిలో కూర్చున్నాను. ఆ తప్పుకి ఇంతకంటే గొప్ప కారణం ఏమైనా ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. లేదు.

మర్నాటి నుంచి ముమ్మిడివరం అమ్మాయి డెక్కు కింది యాంగిల్స్ మొదలుపెట్టింది. నేను చెప్పినట్టే ఆ గడి ఖాళీగా వదులుతూ పోయింది. తెర మీద మాకు మామూలుగా కనిపించేది తేలిక బొమ్మ. అందులో యాంగిల్స్ అన్నీ గోడ దాకా ఉన్నట్టే కనిపిస్తాయి. కోతలతో సహా చూపించమంటే కంప్యూటరు నత్తనడక నడుస్తుంది, అందుకని ఎవరూ అడగరు. కోత కాయితాలు తీశాక చూసి సంతకం పెట్టవలసింది నేను. కట్టలోంచి పైన ఉన్న కొన్ని చూశాను. అవి కొసల ట్యాంకులవి, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మిగతా వాటి మీద చూడకుండా సంతకం పెట్టాను.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున్న యార్డు మేస్త్రి నాకు నేరుగా ఫోన్ చేశాడు. యాభై దాటిన మనిషి. ఇనుము మీద గీత గీస్తే తుడవక్కర్లేదని పేరు. అవసరం లేనిదే ఫోన్ చెయ్యడు.

"మేడంగారండి, మీరొకసారి వచ్చి చూసుకోవాలండి. యాంగిల్ గోడ దాకా రావట్లేదండి."

"ఎన్నండి అలాంటివి?"

"డెక్కు కిందవన్నీ అంతేనండి."

మా ఆఫీసు కారులో వెళ్ళాను. పంటు సగం కట్టిన గూడులా ఒడ్డు మీద ఉంది. డెక్కు రేకు పరిచేశారు. లోపలికి వెళ్ళాలంటే మనిషి పట్టే కంతలోంచి నిచ్చెన మీద దిగాలి. అరవై రెండేళ్ళ మనిషిని, మోకాళ్ళకి ఏం చెప్పి ఒప్పించానో గుర్తు లేదు, దిగాను. లోపల ఉక్క. మేస్త్రి టార్చి కొట్టి చూపించాడు. పైన వరసగా యాంగిల్స్. ప్రతి యాంగిల్ చివరా, గోడకీ మధ్య, రెండు వేళ్ళు పట్టే సందు. టేపు పెట్టి చూశాను, ముప్పై అయిదు. పక్క దానికీ ముప్పై అయిదే. మేస్త్రి చేతిలో కోత కాయితం ఉంది. ముక్క పొడవు కాయితంతో సరిపోయింది.

"మేం కాయితం ప్రకారమే కోసేమండి," అన్నాడు మేస్త్రి. ఆ మాట అంటున్నప్పుడు నా మొహం వైపు చూడలేదు, కాయితం మీద నా సంతకం వైపు చూశాడు.

ఇంకొంచెం ముందుకి వెళ్తే కొన్ని చివరల్లో సందు కనిపించలేదు. గోడ దాకా నిండుగా ఉండి, పైన ఎర్ర రంగు కూడా వేసి ఉంది. నాకు అనుమానం వచ్చి సుత్తి అడిగి తీసుకుని కొట్టాను. గట్టి ఇనుము పలికినట్టు పలకలేదు.

"ఏం పెట్టేరండి ఇందులో?"

మేస్త్రి టార్చి కిందికి దించాడు. "వెల్డింగు పుల్లలు పేర్చి, పైన కుట్టేసేమండి. నింపేయమని పైనుంచి చెప్పేరండి. తొమ్మిది చేసేమండి. పదోది చేస్తుంటే మనసొప్పలేదండి. అందుకే మీకు ఫోన్ చేసేనండి."

మీకు తెలియకపోతే చెబుతాను. అలా నింపినది చూడడానికి వెల్డింగే. లోపల మాత్రం విడివిడి పుల్లలు. పైన లారీ చక్రం ఎక్కి దిగిన ప్రతిసారీ ఆ చోటు కాస్త కదులుతుంది. ఏడాదికో రెండేళ్ళకో చీలిక పుట్టి డెక్కు రేకులోకి పాకుతుంది. అప్పుడు పంటు మీద ఎవరుంటారో ఎవరికి తెలుసు.

పైకి వచ్చి, యార్డు నడిబొడ్డున నిలబడి ఆఫీసుకి ఫోన్ చేశాను. కోత కాయితాల మీద తయారుచేసినవారు అన్నచోట ఆ అమ్మాయి పొడి అక్షరాలున్నాయి. ఆమెనే పిలవమన్నాను. కంప్యూటర్లో చూసి చెప్పాలి కదా, చేతులు ఖాళీగా ఉండడానికి ఆమె ఫోను స్పీకర్లో పెట్టింది. ఇక్కడ చుట్టూ గ్రైండర్లు మోగుతున్నాయి, అందుకని నేను గొంతు పెంచాను. గ్రైండర్లు లేకపోయినా పెంచేదాన్నేమో.

"డెక్కు కింది వాటికి ముప్పై అయిదు ఎందుకు కొట్టావు? ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"నేనేం కొట్టలేదండి మేడంగారూ. మీరు చెప్పినట్టు ఖాళీగానే వదిలేనండి."

"ఖాళీగా వదిలితే సున్నా వస్తుంది. కొట్టి ఉంటావు. చేసిన తప్పు ఒప్పుకోవడం కూడా రాకపోతే ఈ పనికి నువ్వు పనికిరావు."

ఫోను పెట్టేశాను. యార్డులో పనివాళ్ళు నలుగురైదుగురు చేతిలో పని ఆపి నా వైపు చూస్తున్నారు. తప్పు ఎవరిదో వాళ్ళకి తెలిసిపోయింది. నాకూ తెలిసిపోయిందనే అనుకున్నాను.

దారిలో నాకు ఒకటే ఆలోచన, ఆమె కొట్టిన అంకెని ఆమెకే తెర మీద చూపించాలని. ఆఫీసుకి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆమె సీట్లో లేదు. మా వాడి గది తలుపు వేసి ఉంది. నేను నా కంప్యూటరు ముందు కూర్చుని ఒక యాంగిల్ తెరిచాను. దూరం గడి ఖాళీ. ఇంకోటి తెరిచాను. అదీ ఖాళీ. వరసగా పది తెరిచాను. పదీ ఖాళీయే. అప్పుడు ఉమ్మడి అంకెల పట్టిక తెరిచాను. అందులో ముప్పై అయిదు ఉంది.

అప్పుడు నాలో కలిగినదాన్ని మీకు ఉన్నదున్నట్టు చెబుతాను. ముందు నమ్మలేదు. తర్వాత పూతరేకులు గుర్తొచ్చాయి. ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. ఆ పట్టికలో ఎవరు ఎప్పుడు మార్చారో ఎక్కడా రాసి ఉండదు. ఇప్పుడు ముప్పై అయిదు తీసి సున్నా పెడితే, రేపు ఎవరు చూసినా సున్నాయే ఉంటుంది. మార్చే అధికారం ఉన్నదీ నాకే. ఒక్క మీట. ఆ ఆలోచనతో ఎంతసేపు కూర్చున్నానంటే, పక్కనున్న గ్లాసులో నీళ్ళు పూర్తిగా తాగేంతసేపు. నన్ను నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా నాకు నా గురించి తెలియదు.

లేచి వెళ్ళి తలుపు తీశాను. ఆ అమ్మాయి బల్ల ఇవతల నిలబడి ఉంది. మా వాడు తల వంచుకుని మాట్లాడుతున్నాడు. ఈ నెలాఖరు దాకా ఉండి వేరే చోట చూసుకోమని అప్పటికే చెప్పేశాడు.

"తప్పు ఈ అమ్మాయిది కాదు. నాది. పట్టికలో అంకె నేను మార్చి మళ్ళీ సరిచెయ్యలేదు," అన్నాను.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. కళ్ళు తుడుచుకోలేదు, అప్పటికే తుడుచుకుని ఉంది. మా వాడు ఆమెని బయటికి వెళ్ళమని చెప్పి తలుపు వేశాడు.

"అక్కగారండీ, కూర్చోండి," అన్నాడు. గొంతు బాగా తగ్గించాడు. "నేనొకటి చెబుతాను, మీరు తప్పుగా అనుకోకండి. ఆ యార్డాయన మనకి పని ఇచ్చింది మీ పేరు చూసండి. మీరే పొరపాటు చేసేరని తెలిస్తే రేపు ఇంకో యార్డు మన మెట్లెక్కదండి. అదే కొత్తమ్మాయి చేసిందంటే అందరికీ అర్థమవుద్దండి. ఆ అమ్మాయిని తీసెయ్యనండి. ఇక్కడే ఉంచుతాను, వచ్చే నెలే ఖాయం చేసేస్తాను. పేరు మటుకు అలా ఉండనివ్వండి."

అతను చెడ్డవాడు కాదు. ఎనిమిది కుర్చీల్లో ఎనిమిది ఇళ్ళున్నాయి, వాటి కోసం అన్నాడు. పైగా పని నేర్పినందుకు నా మీద గౌరవం కూడా అందులో ఉంది. అందుకే ఆ మాట కొట్టిపారెయ్యడం కష్టమైంది.

"బాబూ, నా పేరు వల్ల నీకు పని వచ్చింది అంటున్నావు కదా. ఆ పేరు నేను తప్పులు చెయ్యనని వచ్చింది కాదు. పాత యార్డులో చేసిన తప్పులు నీకు తెలుసు. అవి నేనే వెళ్ళి చెప్పుకునేదాన్ని కాబట్టి వచ్చింది. రేపు యార్డుకి నేను వెళ్తాను. నువ్వు రాకపోయినా ఫరవాలేదు."

"మీరు వెళ్తే నేను రాకుండా ఎలా ఉంటానండి," అన్నాడు. మర్నాడు కారు తనే నడిపాడు.

యార్డు యజమాని కొబ్బరి వ్యాపారం చేసి, తర్వాత ఇందులోకి దిగిన మనిషి. నేను చెప్పింది అంతా విన్నాడు.

"ఎవరిదైతే ఏంటండి మేడంగారు. వచ్చే నెల పంటు నీళ్ళలో దిగాలండి. తొమ్మిది నింపేరు కదా, మిగతావీ నింపేస్తారండి. రంగేసేక ఎవరికి తెలుస్తుందండి?"

"నాకు తెలుస్తుందండి. నింపితే నేను సంతకం పెట్టను. పంటుని పరీక్ష చేసి పాసు చెయ్యడానికి సర్వేయరు వచ్చినప్పుడు ఆ తొమ్మిదీ నేనే చూపిస్తాను."

"తప్పు మీరు చేసి, నా పని మీరే ఆపుతారాండి?"

ఆయన అడిగింది న్యాయమే. "రెండు రోజులివ్వండి. అన్నీ పీకక్కర్లేకుండా దారి చూపిస్తాను," అన్నాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి పంటు వైపు చూసి, సరేనన్నాడు.

దారి ఉందని నాకు తెలుసు. అన్ని చివరలూ ఒకే బరువు మొయ్యవు. లారీ చక్రాల కింద ఉన్న యాంగిల్స్ విప్పి కొత్తవి పూర్తి పొడవున వెయ్యాలి, అందులో రాజీ లేదు. మనుషులు నిలబడే చోట ఉన్నవాటికి గోడకీ యాంగిల్‌కీ కలిపి మందపాటి రేకు బ్రాకెట్టు వెయ్యొచ్చు. యార్డులో మిగిలిన రేకు ముక్కల్లోంచే అవి కొయ్యొచ్చు. ఏ చివర ఏ రకమో పట్టిక వెయ్యడమే పని. ఆ పని ముమ్మిడివరం అమ్మాయిని చెయ్యమని అడిగాను. అడగడానికి మొహం చెల్లలేదు, కానీ ఆ డెక్కు ఆమెకి తెలిసినంత నాకు తెలియదు. ఆమె "ఆయ్" అంది. అంతే.

మర్నాటికి డెక్కు బొమ్మ మీద చక్రాల దారి ఎర్ర రంగుతో గీసి తెచ్చింది. నేను గీసుకున్నది రెండు నిలువు పట్టీలు, ఈ కొస నుంచి ఆ కొసకి తిన్నగా. ఆమె గీసినవి మధ్యలో తిన్నగా ఉండి, రెండు కొసల్లోనూ విసనకర్రలా విచ్చుకున్నాయి.

"ఇక్కడ ఇంత వెడల్పు ఎందుకు వచ్చింది?" అన్నాను.

"లారీ పంటు మీదకి తిన్నగా ఎక్కదు కదండీ. మా పుట్టింటికి పంటు మీదే వెళ్తామండి, ఎప్పుడూ చూస్తాను. రేవు ఏటవాలుగా ఉంటుందండి. డ్రైవరు వంకరగా ఎక్కించి, పైకొచ్చేక తిన్నగా తిప్పుకుంటాడండి. చక్రాలు మూలల మీదకి కూడా వస్తాయండి."

నేను ఏళ్ళ తరబడి సముద్రం మీద తిరిగే ఓడలకి డెక్కులు వేశాను. గోదావరి పంటు మీద లారీ ఎలా ఎక్కుతుందో ఒక్కసారి కూడా నిలబడి చూడలేదు. ఆ మూలల్లో నేను బ్రాకెట్టుతో సరిపెడదామనుకున్న యాంగిల్స్ పద్నాలుగు ఉన్నాయి. అవీ విప్పించాం. అసలు డిజైనులో కూడా అక్కడ కాస్త బలం పెంచాలని రాసి సర్వేయరుకి పంపాం. ఆయన ఒప్పుకుంటూ కాయితం పంపించాక యార్డులో పని మొదలైంది. మేస్త్రి ముందుగా ఆ తొమ్మిదీ తనే కూర్చుని పుల్లలన్నీ గీకి బయటికి తీశాడు. ఎవరికీ అప్పగించలేదు. పంటు అనుకున్నదానికంటే మూడు వారాలు ఆలస్యమైంది. యార్డు యజమాని ఆ మూడు వారాలూ నాతో మర్యాదగానే మాట్లాడాడు, కానీ టీ తాగమని అనలేదు.

ఆఫీసులో ఆ అమ్మాయిని ఖాయం చేశారు. ఉమ్మడి అంకెల పట్టిక ఇద్దరు చూస్తే తప్ప మారకుండా ఏర్పాటు చేశాం, ఆ రెండో మనిషి ఆమె. ఆమె నాతో మామూలుగానే ఉంది. అడిగినదానికి జవాబు చెప్పేది, ప్రశ్నలు మటుకు మానేసింది. నేను దాన్ని గమనించి కూడా, కుర్రతనం, కొన్నాళ్ళకి సర్దుకుంటుందనుకున్నాను. గదిలో తప్పు నాదేనని చెప్పాను, యార్డు యజమానికి చెప్పాను, నా వంతు అయిపోయిందని నా నమ్మకం.

సర్వేయరు వచ్చే రోజున ఆమెని కూడా యార్డుకి తీసుకెళ్ళాను. తను గీసిన డెక్కు తను చూడాలి కదా. కారు దిగి పంటు దగ్గరికి నడుస్తుంటే, వెల్డింగు చేస్తున్న ఒకతను పక్కవాడితో అన్నాడు.

"ఈవిడేరా పొట్టిముక్కలమ్మ."

పక్కవాడు నవ్వాడు. ఆ అమ్మాయి విననట్టే నడిచింది. నాకు ముందు అర్థం కాలేదు, మేస్త్రిని అడిగాను.

"అదేనండి, ఆ రోజు మీరు ఫోన్లో కేకలేసేరు కదండీ. అప్పట్నుంచి మావాళ్ళు అలా అంటున్నారండి. ముక్కలు పొట్టిగా చేసినావిడ అని," అన్నాడు ఇబ్బందిగా.

సర్వేయరు లోపలికి దిగాడు. మేస్త్రి ఆయనకి ముందుగా ఆ తొమ్మిది చోట్లే చూపించి, ఏం చేశారో, ఎలా తీశారో ఒక్కటీ దాచకుండా చెప్పాడు. ఆయన సుత్తితో కొట్టి చూసుకుంటూ డెక్కు కిందంతా తిరిగాడు. గంటన్నర తర్వాత పైకి వచ్చి, మూలల్లో బలం పెంచింది ఎవరి ఆలోచన అని అడిగాడు. ఆమెని చూపించాను. మంచి పని చేశారమ్మా అని, కాయితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

మేమిద్దరం పంటు నీడలో నిలబడ్డాం. నేను సంతోషంగా ఏదో అన్నాను. ఆమె నెమ్మదిగా అంది.

"మేడంగారూ, ఒకటి అడగొచ్చాండి?"

నెల రోజుల తర్వాత ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. అడగమన్నాను.

"తప్పు నాదన్నప్పుడు అందరికీ వినపడేలా అన్నారండి. ఆఫీసులో విన్నారు, ఇక్కడ విన్నారు. నాది కాదన్నప్పుడు తలుపేసిన గదిలో అన్నారండి. ఎందుకండి?"

నాకు కోపం రాలేదు. తప్పు ఒప్పుకోవడమే పెద్ద పని అనుకున్నాను, ఎంత గొంతుతో ఒప్పుకున్నానో చూసుకోలేదు. ముప్పై అయిదు మిల్లీమీటర్లని సరిచెయ్యడానికి ఇంతమందిని నిలబెట్టి పని చేయించాను, ఆ అమ్మాయికి నేను చేసినదాన్ని మాత్రం అలాగే వదిలేశాను, పైన రంగు వేసి.

మేస్త్రిని పిలిచి గ్రైండర్లన్నీ ఆపించమన్నాను. ఎందుకని అడగకుండా ఆపించాడు. ఆ చప్పుడు ఆగేసరికి పనివాళ్ళంతా తలెత్తి చూశారు. ఆఫీసు గదిలోంచి యజమాని కూడా గుమ్మంలోకి వచ్చాడు.

నేను గొంతు పెంచి చెప్పాను. ఆ రోజు ఫోన్లో ఎంత పెంచానో అంత.

"ముక్కలు పొట్టిగా రావడానికి కారణం ఈ అమ్మాయి కాదండి. నేను. ఈమె నేను చెప్పినట్టే చేసింది. తెలుసుకోకుండా మీ అందరి ముందూ ఈమెని నానా మాటలూ అన్నాను. ఆ మాటలు తప్పు. ఈ పంటు మూలల్లో బలం ఉందంటే అది ఈమె వల్ల."

ఆ అమ్మాయి చున్నీ కొసతో మొహం తుడుచుకుంది, ఉక్కగా ఉందన్నట్టు. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"ఆయ్. అయితే ఆ పేరు మీకు పెట్టుకోవాలండి మేడంగారు," అన్నాడు.

ముందు వెల్డింగు అతను నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. అందులో ఆ అమ్మాయి నవ్వు కూడా ఉంది. కారెక్కాక ఆమె వరసగా ప్రశ్నలు మొదలుపెట్టింది, అమలాపురం చేరేదాకా ఆపలేదు.

ఇప్పుడు నేను రెండోసారి కూడా రిటైరయ్యాను. ఎప్పుడైనా ఏదైనా చూడమంటే ఆ యార్డుకి వెళ్తుంటాను. గేటు దగ్గర ఆటో దిగగానే వాచ్‌మన్ లోపలికి ఫోన్ చేస్తాడు.

"పొట్టిముక్కల మేడంగారు వచ్చేరండి."

నేను సరిదిద్దను. గేటు తలుపు తీసేదాకా ఆగి, లోపలికి వెళ్తాను.